కొడుకు పుట్టే ఆహారం ఉన్నదా?

గృహస్థాశ్రమానికి సంతానం ఫలమని మన పెద్దలు చెప్పారు. ఆ ఫలం ఆరోగ్యవంతంగా ఉండడానికి దంపతులు గర్భధారణకు ముందుగానే తమ ఆహార విహారాలను సరిదిద్దుకోవాలని ఆయుర్వేదం బోధించింది. ఇంతటి ఉత్తమమైన బోధను ఈనాడు కొందరు 'కొడుకు పుట్టే పథ్యం'గా మార్చి అమ్ముకొంటున్నారు. ఈ పత్రిక చదివే గృహిణులలో చాలామంది ఇటువంటి పథ్యాలను గురించి వినే ఉంటారు. కొందరు పాటించి కూడా ఉంటారు. అందుచేత ఈ విషయంలో శాస్త్రం ఏమన్నది, ప్రత్యక్షం ఏమంటున్నది, వైద్యుడుగా నా అభిప్రాయమేమిటి అనే మూడు సంగతులను పాఠకులకు విన్నవించదలచాను.

నేను గురువుగారి ఇంట ఉండి వైద్యం అభ్యసించినవాడిని. నలభై సంవత్సరాలుగా కామారెడ్డిలో వైద్యం చేస్తూ, వారానికి ఒకరోజు ఎల్లారెడ్డికి వెళ్లి అక్కడి రోగులను చూస్తున్నాను. ఈ రెండు ఊళ్లలోను సంతానం నిమిత్తం వచ్చే దంపతులు రెండు విధాలుగా ఉంటారు. బొత్తిగా సంతానం కలుగనివారు మొదటి విధం. ఒకరో ఇద్దరో ఆడపిల్లలు ఉండి, కొడుకు కావాలని వచ్చేవారు రెండవ విధం. ఈ రెండవ విధం వారిలో సాధారణంగా భార్యాభర్తల కంటే ముందుగా మాట్లాడేది అత్తగారు. "అయ్యా, మా కోడలికి ఇద్దరూ ఆడపిల్లలే. ఈసారి కొడుకు అయ్యేటట్టు ఏం తినాల్నో రాసియ్యుండ్రి" అని అడుగుతారు. కొడుకు గల్ఫ్ దేశం నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి ఉంటే ఆ తొందర మరింత ఎక్కువగా ఉంటుంది. ఇన్నేళ్లలో కూతురు పుట్టడానికి ఏమి తినాలని అడిగిన కుటుంబం నాకు ఒక్కటి కూడా తారసపడలేదు.

కాగితాలలోని పథ్యం

ఇటీవల కొందరు దంపతులు ఎవరో రాసి ఇచ్చిన కాగితాలు తెచ్చి చూపుతున్నారు. మరికొందరు సెల్‌ఫోనులో వచ్చిన వీడియోలు చూపుతున్నారు. వాటి సారాంశం దాదాపు ఒకటే. కొడుకు కావాలంటే స్త్రీ ఉప్పు ఎక్కువగా తినాలి, అరటిపండ్లు, ఆలుగడ్డలు, మాంసం ఎక్కువగా తీసుకోవాలి, పాలు, పెరుగు, ఆకుకూరలు మానాలి. కూతురు కావాలంటే దీనికి విరుద్ధంగా చేయాలి. కాగితం పైభాగంలో 'ఆయుర్వేద పథ్యం' అని రాసి ఉంటుంది.

ఈ పథ్యం ఆయుర్వేద గ్రంథాలలోనిది కాదు. సోడియం, పొటాషియం ఎక్కువైతే మగశిశువు, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే ఆడశిశువు కలుగుతారనే వాదాన్ని స్టొల్కోవ్‌స్కీ, లొరెయిన్ అనే విదేశీ పరిశోధకులు 1980లో ప్రకటించారు. వైద్యలోకం దానిని నిరూపితమైన పద్ధతిగా అంగీకరించలేదు. 2008లో బ్రిటన్‌లో 740 మంది గర్భిణుల ఆహారాన్ని పరిశీలించినవారు, గర్భధారణ కాలంలో ఎక్కువ ఆహారం తీసుకొన్నవారిలో 56 శాతానికి, తక్కువ తీసుకొన్నవారిలో 45 శాతానికి మగశిశువులు కలిగారని ప్రకటించారు. ఉదయం పూట తినే ధాన్యపు అటుకుల వంటి పదార్థాల పేరు కూడా అందులో వినబడింది. మరుసటి సంవత్సరమే గణాంక శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను ఆక్షేపించారు. నూటికి పైగా ఆహార పదార్థాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, ఏదో ఒకటి కేవలం యాదృచ్ఛికంగానే సంబంధం ఉన్నట్లు కనిపిస్తుందని వారు వివరించారు. అంగీకారం పొందని ఇటువంటి విదేశీ వాదానికి మన శాస్త్రం పేరు తగిలించి అమ్మడం రెండు శాస్త్రాలకూ అపచారమే.

శాస్త్రంలో లేదా?

"ఆ కాగితం సంగతి సరే, పుంసవనం మన గ్రంథాలలో లేదా?" అని విద్యావంతులైన పాఠకులు ప్రశ్నించవచ్చు. ఉన్నది. వైద్యుడు దానిని దాచిపెట్టకూడదు.

చరక సంహిత శారీరస్థానంలో ఎనిమిదవది జాతిసూత్రీయ అధ్యాయం. గర్భధారణకు ముందు పురుషునకు మధుర ఔషధాలతో సంస్కరించిన నెయ్యిని, పాలను, స్త్రీకి తైలాన్ని, మినుములను అక్కడ విధించారు. ఉత్తమ గుణాలుగల పుత్రుని కోరే స్త్రీకి యవలతో చేసిన మంథాన్ని, తెల్లని ఆవుపాలతో కలిపి ఏడు రోజులు ఇవ్వమన్నారు. గర్భంలో లింగభేదం వ్యక్తం కాకముందే చేయవలసిన పుంసవన విధి కూడా అక్కడే ఉన్నది. సుశ్రుతుడు మర్రి ఊడల చిగుళ్లు మొదలైనవాటిని పాలతో నూరి నాసికలో వేయడాన్ని చెప్పాడు. శుక్రం అధికమైతే పుత్రుడు, ఆర్తవం అధికమైతే పుత్రిక అని ఆచార్యులు భావించారు.

అయితే అదే అధ్యాయంలో మరొక సంగతి ఉన్నది. పుత్రుని కోరేవారు ఋతుస్నానం తరువాత సరిసంఖ్య గల దినాలలో, పుత్రికను కోరేవారు బేసిసంఖ్య గల దినాలలో కలవాలని చరకం చెప్పింది. ఆ దినాల లెక్క నేటి పరిశోధనకు నిలువదు. కాని కూతురు కావాలని కోరుకొనే దంపతులు ఉంటారని ఆచార్యుడు తలచాడన్న విషయం మాత్రం మనం గుర్తుంచుకోదగినది. శాస్త్రాన్ని అడ్డం పెట్టుకొని కొడుకు మందు అడిగేవారు ఈ భాగాన్ని చదవరు.

ఇక గ్రంథంలో ఉన్నదల్లా ఈనాడు ఆచరించవలసిందేనా? చరకుడే సూత్రస్థానంలో ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే నాలుగు పరీక్షలను చెప్పాడు. ఒక్క ఆప్తోపదేశమే చాలునని ఆయన అనలేదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఆచార్యులు తమకు గోచరించినదానిని బట్టి అనుమానించి చెప్పారు. తరువాత ప్రత్యక్షమైనదానిని కాదనడం ఆచార్య భక్తి అనిపించుకోదు.

ప్రత్యక్షం చెప్పేది

స్త్రీ బీజంలో ఎల్లప్పుడూ ఎక్స్ అనే క్రోమోజోమే ఉంటుంది. పురుష బీజాలలో కొన్నింటిలో ఎక్స్, కొన్నింటిలో వై ఉంటాయి. లింగభేదానికి ఈ క్రోమోజోములు కారణమని 1905లో నెట్టీ స్టీవెన్స్, ఎడ్మండ్ విల్సన్ అనే శాస్త్రజ్ఞులు కీటకాలను పరిశీలించి వేర్వేరుగా తెలిపారు. వై క్రోమోజోము మీద ఉండి మగ లక్షణాలకు నాంది పలికే ఎస్‌ఆర్‌వై అనే జన్యువును 1990లో గుర్తించారు. ఏ పురుష బీజం స్త్రీ బీజంతో కలిసిందో, ఆ క్షణంలోనే శిశువు ఎక్స్, వైల సంగతి తేలిపోతుంది. నెల తప్పిన తరువాత తినిపించే ఏ పసరుగాని, ఏ లేహ్యంగాని దానిని మార్చలేదు. అంతకుముందు తిన్న తిండి ఫలానా బీజాన్నే ముందుకు పంపుతుందనడానికి నమ్మదగిన నిదర్శనం లేదు.

గర్భం నిలవడానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగు కావాలని సుశ్రుతుడు సేద్యంతో పోల్చి చెప్పాడు. మన ప్రాంత రైతులకు ఈ పోలిక చెప్పనక్కరలేదు. నేలకు మంచి ఎరువు వేసి, సకాలంలో నీరు పెడితే మక్క చేను ఏపుగా పెరుగుతుంది. అంతేగాని ఎంత ఎరువు వేసినా మక్క విత్తనం నుంచి జొన్న మొలవదు. ఏ విత్తనం వేశారో అదే మొలుస్తుంది. మగశిశువా, ఆడశిశువా అనే భేదం పురుష బీజం ద్వారా వస్తున్నప్పుడు, ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించడం నేలను తిట్టడం వంటిది.

మరి కొందరికి ఫలించింది కదా!

"ఫలానా ఆయన మందుతో మా బంధువులకు కొడుకు పుట్టాడు" అని చాలామంది అంటారు. నిజమే, పుట్టే ఉంటాడు. ఏ మందూ తినని నూరుగురు తల్లులకు కూడా ఇంచుమించు 51 మంది మగశిశువులు, 49 మంది ఆడశిశువులు పుడతారు. ఒక వైద్యుడు నూరుగురికి వట్టి బెల్లం ఉండలు ఇచ్చినా సుమారు 51 మంది మిఠాయి పొట్లంతో తిరిగివచ్చి ఆయనకు నమస్కరిస్తారు. మిగిలినవారు తమదే లోపమనుకొని ఊరకుంటారు.

"కొడుకు పుట్టకపోతే సొమ్ము వాపసు" అనేవారి ధైర్యం కూడా ఇదే. నూరుగురి వద్ద రెండేసి వేల రూపాయలు తీసుకొని, ఆడపిల్ల పుట్టిన 49 మందికి తిరిగి ఇచ్చివేసినా, ఆయనకు 1,02,000 రూపాయలు మిగులుతాయి. పాఠకులు ఈ లెక్కను ఇంట్లో పెద్దలకు వివరించి చెప్పగలరు.

నష్టం ఎవరికి?

"పోనీ, తిండే కదా, తింటే ఏమి నష్టం?" అని కొందరు అంటారు. నష్టం ఉన్నది. అది పూర్తిగా స్త్రీ శరీరానికి కలుగుతుంది. ఉప్పు అధికమైతే రక్తపోటు పెరుగుతుంది. పాలు, పెరుగు మాన్పిస్తే ఎముకలకు కావలసిన సున్నం అందదు. ఆకుకూరలు మాన్పిస్తే ఇనుము, ఫోలేటు తగ్గుతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 సంవత్సరాల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. మా ప్రాంతంలో తెల్లవారినది మొదలు బీడీలు చుడుతూ, వేళకు అన్నం తినని తల్లులు ఎందరో ఉన్నారు. అటువంటి స్త్రీ కంచంలో నుంచి ఉన్న నాలుగు ఆకుకూరలను కూడా తీసివేయడం పథ్యం అనిపించుకోదు.

ఎల్లారెడ్డిలో నేను చూసిన ఒక గృహిణి మూడు నెలలపాటు ఇటువంటి పథ్యం చేసి, కళ్లు తెల్లబడి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే స్థితిలో వచ్చింది. ఆమె నోట వచ్చిన మొదటి మాట, "అయ్యా, నడుమ ఒకరోజు పెరుగు తిన్న, దానితోని చెడిపోతదా?" అని. ఒంట్లో రక్తం లేదన్న దిగులు కంటె, పెరుగు తిన్నానన్న భయమే ఆమెను ఎక్కువగా బాధించింది. ఇక రేపు ఆడపిల్ల పుడితే ఆ పెరుగు ముద్దనే నేరంగా చూపిస్తారు. ఈ పథ్యంలోని క్రూరత్వం ఇదే. ఫలితం తప్పినప్పుడు మందు ఇచ్చినవాడు నిందపడడు, తిన్న స్త్రీ పడుతుంది.

పథ్యంతో ఆగక మందుల వరకు వెళితే ప్రమాదం ఇంకా హెచ్చు. హర్యానాలో జరిగిన పరిశోధనలలో, మగశిశువు కోసం నాటు మందులు వాడిన తల్లులలో మృతశిశు జననాలు, శిశువులకు పుట్టుకతో వచ్చే అవయవ లోపాలు ఎక్కువగా కనిపించాయి. పరీక్షించిన మందులలో హార్మోనుల వంటి పదార్థాలు బయటపడ్డాయి. లింగదొండ గింజలు మూలికే కదా అని గర్భిణికి తినిపించే పెద్దలు ఈ సంగతి గ్రహించాలి.

చట్టం మాట

1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం స్కానింగులకు మాత్రమే వర్తిస్తుందని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. 2003 ఫిబ్రవరి 14 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో గర్భధారణకు ముందు చేసే లింగ ఎంపిక కూడా నిషిద్ధమైంది. ఫలానా లింగం గల శిశువు కలిగే అవకాశం పెంచడం కోసం ఏ పదార్థాన్ని ఇచ్చినా, రాసి ఇచ్చినా అది లింగ ఎంపిక కిందికే వస్తుంది. ప్రకటన చేయడం కూడా నేరమే. మొదటి నేరానికి మూడు సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కనుక 'కొడుకు పథ్యం' రాసి ఇచ్చే వైద్యుడు శాస్త్రానికే కాదు, చట్టానికి కూడా దోషి.

2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు బాలురు వెయ్యిమందికి బాలికలు 961 మంది ఉండగా, 2011 నాటికి 939కి తగ్గారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు అప్పటికి భాగంగా ఉన్న నిజామాబాద్ జిల్లాలో మొత్తం జనాభాలో పురుషులు వెయ్యిమందికి స్త్రీలు 1040 మంది ఉన్నారని సంతోషపడి ప్రయోజనం లేదు. పసిపిల్లల లెక్కే రాబోయే కాలానికి సూచన. ఈ తగ్గుదల ఆహారం వల్ల వచ్చినది కాదు, భ్రూణహత్యల వల్ల వచ్చినది. కాని కొడుకు పథ్యం అడిగే మనస్సు, స్కానింగు గది తలుపు తట్టే మనస్సు వేరు వేరు కావు. పథ్యం విఫలమైతే తరువాతి అడుగు అటే పడుతుంది.

గర్భధారణకు ముందు ఏమి తినాలి?

ఆచార్యులు చెప్పిన నెయ్యి, పాలు, నువ్వుల నూనె, మినుములను బీజక్షేత్రాల బలానికి ఉపయోగించుకొంటే ఎంతో మేలు. గర్భం కోరే దంపతులు కనీసం మూడు నెలల ముందు నుంచి ఈ క్రింది నియమాలు పాటించగలరు.

స్త్రీ ప్రతిదినం తోటకూర, పాలకూర, మెంతికూర, గంగవాయిలి కూరలలో ఏదో ఒకటి పప్పుతో కలిపి తినాలి. పెసలు, మినుములు, శనగలు మార్చి మార్చి వాడాలి. జొన్నరొట్టె, రాగి జావ మంచివి. నువ్వులు, బెల్లం కలిపి చేసిన ఉండ రోజుకు ఒకటి, ఉసిరికాయ గాని నిమ్మరసం గాని భోజనంతో తీసుకోవాలి. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు దానికి అడ్డుపడుతుంది కాబట్టి గంటసేపు ఆగాలి. పాలు, పెరుగు మానరాదు. అలవాటున్నవారు గుడ్డు, మాంసం మితంగా తినవచ్చు. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటె తక్కువగా ఉంటే ఆహారం ఒక్కటే చాలదు, వైద్యుని సలహాతో ఇనుము మాత్రలు వాడాలి. గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మూడవ నెల నిండేవరకు ప్రతిదినం 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే శిశువు వెన్నుపాముకు వచ్చే లోపాలు చాలావరకు తప్పుతాయి. ఇది అల్లోపతి మాత్ర కదా అనే పంతం ఇక్కడ పనికిరాదు. చక్కెరవ్యాధికి, థైరాయిడ్‌కు కూడా పరీక్ష చేయించుకోవాలి.

పథ్యం స్త్రీకి మాత్రమే అనుకోవడం పొరపాటు. పురుష బీజం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి పురుషుడు కూడా ఆ మూడు నెలలు గుట్కా, బీడీ, సిగరెట్టు, మద్యం విడిచిపెట్టాలి. పాలు, నెయ్యి, మినుములు, పండ్లు తింటూ వేళకు నిద్రపోవాలి. మందుల కోసం వచ్చే కుటుంబాలలో ఈ మాట చెప్పినప్పుడు అత్తగారు ఆశ్చర్యంగా కొడుకు వంక చూస్తారు. అంతవరకు పథ్యమంతా కోడలిదే అని ఆమె నమ్మకం.

తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. మనం కాదంటే మరొకరి వద్దకు వెళతారనే భయంతో ఆ కాగితం రాసి ఇవ్వవద్దు. ఇంట్లోని పెద్దలకు కూడా ఒక విన్నపం. కోడలు ఏమి తినాలో నిర్ణయించే ముందు ఆమె రక్తం ఎంత ఉందో పరీక్ష చేయించండి. ఆమె కంచంలో కూర పెంచండి, ఉప్పు తగ్గించండి. పుట్టబోయే బిడ్డకు మనం ఇవ్వగలిగినది బలం మాత్రమే. దానిని కొరత లేకుండా ఇద్దాము.