ఇరవై మందా, అరవై మందా?

మాది రేగొండ. పరకాల నుంచి భూపాలపల్లి పోయే తోవలో వస్తుంది. అదే తోవలో ఇంకా ముందుకు పోతే మోరంచపల్లి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి ఆ ఊరు మునిగినప్పుడు జనం మిద్దెలెక్కి నిలబడ్డారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అప్పటి నుంచి మా మిత్రబృందంలో హామ్ రేడియో రిపీటరు ముచ్చట తెగదు. "పాండవుల గుట్ట మీద పెడదాం" అని ఒకడు, "యాభై వాట్లు కావాలె" అని ఇంకొకడు. (గుట్ట వద్దనే నేనంటాను. ఆ ప్రాచీన చిత్రాల పక్కన ఇనుప స్తంభం ఏం శోభ?) ఎత్తు గురించీ, శక్తి గురించీ అందరూ మాట్లాడేవారే. ధ్వని స్థాయి, డీవియేషన్ల ఊసెత్తేవాడు లేడు. నా కొట్లాటంతా అక్కడే.

ఒక రిపీటరును కొన్నాళ్లు విన్నాను, పేరెందుకు? దాని గుండా వచ్చిన ప్రతి గొంతూ ముక్కలు ముక్కలే. "అన్నా, గట్టిగ ఒర్రకు" అని రోజూ ఒకరికొకరు బుద్ధులు చెప్పుకునేవారు. పాపం, దోషం గొంతుది కాదు, పెట్టెలోని ప్రీసెట్‌ది. ఎఫ్.ఎం.లో మాట పెరిగితే తరంగం బలం పెరగదు, దాని పౌనఃపున్యం అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది. 25 కిలోహెర్ట్జ్‌ల ఛానెల్‌లో ఆ ఊపు 5 కిలోహెర్ట్జ్ దాటగూడదు. దాటిందా, వినేవాడి సెట్టులోని ఫిల్టరు గొంతును కోసేస్తుంది. మరీ తగ్గిందా, మాట గరగరలో మునుగుతుంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియోలో క్షేమ సమాచారాలు అందించారని మనం గొప్పగా చెప్పుకుంటాం. క్షేమ సమాచారమంటే పేర్లూ, అంకెలే కదా. మిద్దె మీద ఉన్నది ఇరవై మందా, అరవై మందా? ఒక్క అక్షరం తెగితే పడవల లెక్కే మారిపోతుంది.

చెవికి బాగుందని స్క్రూ తిప్పి వదిలేయడం నాకు నచ్చదు. ముందు ట్రాన్స్‌మిటర్ లిమిటరును 5 దగ్గర కట్టేయాలి. వినపడని సబ్‌టోన్ వాటా కూడా అందులోనే. ఆ తర్వాత 1 కిలోహెర్ట్జ్ స్వరాన్ని 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో రిసీవరుకు ఇచ్చి, బయటికి కూడా 3 వచ్చేటట్టు చూడాలి. లోపలికి ఎంతో, బయటికీ అంతే.

కొలిచే మీటరు లేదంటారా? పరీక్షకు బట్టీపట్టి మరిచిపోయిన బెసెల్ ఫలనాలను గుర్తు చేసుకోండి. 2,079 హెర్ట్జ్ స్వరమిచ్చి స్థాయిని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోతే, డీవియేషన్ 5 కిలోహెర్ట్జ్‌కు చేరినప్పుడు క్యారియర్ మొట్టమొదటిసారి మాయమవుతుంది. స్పెక్ట్రమ్ అనలైజరు తెర మీద కళ్లారా చూడవచ్చు.

యూనియన్ మిత్రులకు నా మనవి ఒకటే. టవరుకు చందాలు వసూలు చేసే ముందు, అధ్యాపకుల నడిగి ల్యాబులో ఒక శనివారం ఇప్పించండి. స్క్రూడ్రైవరు నేనే తెచ్చుకుంటాను.