దంతపటమున ఎముకల సాక్ష్యము

వృద్ధస్త్రీ కాలుజారి పడి తుంటి విరిగిన పిమ్మటగాని ఆమె యెముకలు గుల్లబారినవని మన యిండ్లలో తెలియుటలేదు. పడుట ఆనాటిది; క్షీణించుట ఏండ్లనాటిది. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకల సారము వేగముగా తరుగును. నొప్పి లేకయే వచ్చు నీ వ్యాధికి ముందుగా హెచ్చరించువారు కావలయును. అట్టి హెచ్చరిక యొకటి దంతవైద్యుని బల్లమీదనే పడియున్నదని మేము విన్నవించుచున్నాము.

సికిందరాబాదున ఏ.ఎస్. రావు నగరును చూడుడు. 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునకు ఆద్యుడైన అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసిన పేట యిది. ఆ సంస్థ ఉద్యోగులతోపాటు వచ్చి కాపురములు పెట్టిన తొలితరము గృహిణులు నేడు అవ్వలైరి. పన్ను కదలినను, కట్టుడుపండ్లు కావలసినను వారు దంతవైద్యునొద్దకు పోవుదురు. అచ్చట పలువురకు రెండు దవడలును ఒక్కమారు కనబడునట్లు ఓ.పీ.జీ. యను ఎక్స్‌రే పటమును తీయుదురు. పండ్లు చూచుట ముగియగనే ఆ పటము బీరువా చేరును.

ఆ పటమున చూడదగినది మరియొకటి కలదు. క్రింది దవడయందు గడ్డమునకు ప్రక్కగా నరము వెలువడు చిన్న రంధ్రముండును. దానికి దిగువ, దవడ యంచున, దట్టమైన యెముక తెల్లని పట్టీవలె కనబడును. దాని మందము 3 మిల్లీమీటర్లకు తగ్గినచో ఎముకల పరీక్షకు పంపుట మంచిదని పెక్కుమంది పరిశోధకుల మతము. పట్టీ లోయంచు నునుపుగా నున్నదా, చెదతిన్నట్లున్నదా యని మూడు తరగతులుగా చూచు పద్ధతిని ఫిన్లాండు పరిశోధకుడు క్లెమెట్టియు సహచరులును 1994లో ప్రకటించిరి.

ఇది రోగనిర్ణయము కాదు. నిర్ణయము డెక్సా పరీక్షదే. పట్టీ పలుచనైన ప్రతిస్త్రీకిని వ్యాధి యుండదు. దట్టముగా నున్నంతమాత్రమున నిర్భయమును కాదు. ఇందుకొరకే క్రొత్తగా ఎక్స్‌రే తీయింపుడని మేము చెప్పము. తీసిన పటమును పూర్తిగా చదువుడనియే మా మనవి.

ఇది సంపన్నుల ముచ్చట యనుకొనరాదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్నగారును సహచరులును అల్పాదాయ కుటుంబములకు చెందిన 30 మొదలు 60 ఏండ్ల స్త్రీలను పరీక్షించి 2005లో ఫలితములను ప్రకటించిరి. నూటికి సుమారు 29 మందికి తుంటియొద్ద ఈ వ్యాధి కనబడెను. వారి యాహారమున దినమునకు కాల్షియము సగటున 270 మిల్లీగ్రాములు మాత్రమే.

ఎముకలతో తమకేమి పని యని దంతవైద్యులనవచ్చును. ఎముకలు గుల్లబారకుండ వాడు కొన్ని మందుల వలన, పన్ను తీసినచోట దవడయెముక అరుదుగా మానక చెడిపోవును. కనుక ఎముకల సంగతి వారికిని అవసరమే. పటముపై చీటీలో నొక్క వాక్యము వ్రాసిన చాలును: "ఎముకల పరీక్ష చేయించుకొనుడు."

ఇంటిపెద్దలకును మా మాట యొకటి. తల్లి పంటికొరకు రుసుము చెల్లించి పటమును చేతబట్టుకొని వచ్చునపుడు "ఎముక యెట్లున్నది?" అని యడిగి రండు. తల్లి మంచము పట్టిన పిమ్మట చేయు సేవకంటె ముందడిగిన యీ ప్రశ్నయే మేలు.