మన పొలాలు, ఒక సంతకం

ఆఫీసులో ఎవర్ని కదిపినా, ఉద్యోగం మానేసి ఊళ్ళో పొలం చూసుకుంటాననేవాళ్ళే. నేనూ అంతే లెండి. కోనసీమలో మాది ముత్తాత నాటి మూడెకరాల వరిచేను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దశ తిరిగిన డెల్టా అది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే మేం టీవీలో చూశాం. అప్పటికే మా చేను కౌలురైతు చేతిలో ఉంది.

2019లో వచ్చిన చట్టం కౌలుదారుకి 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తానంది. పంట రుణానికీ, నష్టపరిహారానికీ అదే ఆధారం. కాకపోతే యజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడికీ పోదు. అయినా నాన్నగారు పెట్టలేదు, నేనూ అడగలేదు. తుఫానుకి చేను పడిపోయిన ఏడు అతనికి పైసా రాలేదు.

మనం రాసిన కోడ్ మీద ఇంకొకడి పేరుంటే ఎంత గోల చేస్తాం! ఆర్గానిక్కులూ అవీ తర్వాత, ముందు ఆ సంతకం. శనివారం ఊరెళ్తున్నా. నాన్నగారితో గొడవ ఖాయం.