హెచ్చరికకు బాధ్యులెవరు: యంత్రమా, మనిషా?

వాతావరణ సూచనను ఇక యంత్రాలకే వదలివేయవచ్చునని, అందుకు మనుషులతో పనిలేదని వాదించేవారు రాజధానిలో నానాటికీ పెరుగుతున్నారు. కృత్రిమ మేధ క్షణాలలో లెక్కకట్టి చెప్పగలిగినప్పుడు రేయింబవళ్లు షిఫ్టులలో కూర్చునే ఉద్యోగులెందుకని వారి ప్రశ్న. ఇది లోదీ రోడ్డులోని మౌసమ్ భవన్ ఉద్యోగుల గొడవ మాత్రమేనని రైల్వే, తపాలా సోదరులు భావించరాదు. ఆనాడు దేశం నలుమూలల నుండి వాతావరణ పరిశీలనలను మోసుకువచ్చినది మన తంతి ఉద్యోగులే. 2013 జూలైలో ఆ తంతి సేవ ముగిసింది. నాడు తంతి కార్యాలయపు గుమ్మంలో నిలిచిన వాదనే నేడు వాతావరణ శాఖ గుమ్మంలో నిలిచినది. రేపు పట్టాల వెంట నడిచే పాట్రోల్‌మన్ ముందు నిలుస్తుంది. కావున దానిని మూలం నుండి పరీక్షించడం మన విధి.

ముందుగా ఆ ఉద్యోగులు చేసే పని ఏమిటో తెలుసుకుందాము. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖలో ఉదయం అయిదున్నరకు, సాయంత్రం అయిదున్నరకు పరికరం కట్టిన బెలూన్లను ఆకాశంలోకి వదులుతారు. మూడేసి గంటలకొకసారి గాలి ఒత్తిడిని, వేగాన్ని, మేఘాల తీరును నమోదు చేస్తారు. ఈ సమాచారంతోపాటు ఉపగ్రహాలు, రాడార్లు పంపే చిత్రాలు పెద్ద కంప్యూటర్లకు చేరుతాయి. 2024లో పూనాలో ‘అర్క’, మన పొరుగున నోయిడాలో ‘అరుణిక’ అనే మహాగణన యంత్రాలను నెలకొల్పినారు. మరుసటి సంవత్సరం మే నెలలో 6 కిలోమీటర్ల విస్తీర్ణపు గడులుగా దేశాన్ని విభజించి లెక్కించే నూతన విధానం ప్రారంభమైనది.

అయితే లెక్క ముగిసిన చోటనే మనిషి పని మొదలవుతుంది. ఒకే వాయుగుండం గురించి నాలుగు నమూనాలు నాలుగు తీరాలను చూపవచ్చు. ఏ నమూనా ఏ ఋతువులో ఎటు తప్పుతుందో, ఏ కొండ దాపున గాలి ఎలా మలుపు తిరుగుతుందో ఎరిగిన సూచకుడు వాటిని తూకం వేస్తాడు. పసుపు రంగు హెచ్చరికా, నారింజా, ఎరుపా అన్నది నిర్ణయిస్తాడు. ఎరుపు అంటే పడవలు ఒడ్డున ఆగాలి, గ్రామాలు ఖాళీ కావాలి, రైళ్లు రద్దు కావాలి. అనవసరంగా ఎరుపు ప్రకటిస్తే రేపు ప్రజలు నమ్మరు. ప్రకటించవలసినప్పుడు ప్రకటించకపోతే ప్రాణాలు పోతాయి. ఈ రెండు నష్టాల మధ్య నిలబడి నిర్ణయించడమే ఆ ఉద్యోగం. అది కేవలం లెక్క కాదు, బాధ్యత.

యంత్రాల వలన కలిగిన మేలును మనము కాదనడం లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1990 మే తుపానులో మరణాలు వెయ్యికి లోబడినవి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌లో ఆంధ్రప్రదేశ్ మరణాలు వందలోపే. రాడార్లు, ఉపగ్రహాలు లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు. కాని రాడారు ఒక్కటే ఏ గ్రామాన్నీ ఖాళీ చేయించలేదు. సూచకుని మాటను నమ్మిన కలెక్టరు, దానిని ఊరూరా చాటిన గ్రామోద్యోగి, ఇంటింటికీ తిరిగి ముసలివారిని చేయిపట్టి నడిపించిన కార్యకర్తలు కలిసి ఆ ప్రాణాలను కాపాడినారు. హుద్‌హుద్ తాకిన తరువాత విశాఖలో కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగపోయినవి. ఆ రోజులలో నగరం నిలబడినది మనుషుల రెక్కల మీదనే.

ఇక రాజధాని ముంగిట జరిగినదే చూడండి. 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్‌లోని స్వయంచాలక కేంద్రం 52.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనట్లు తెలిపింది. దేశమంతటా గగ్గోలు పుట్టినది. అదే రోజు సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు మాత్రమే. ఢిల్లీ పరిసరాలలోని మిగిలిన కేంద్రాలలోనూ ఎండ 45.2 నుండి 49.1 డిగ్రీల మధ్యనే ఉన్నది. వాతావరణ శాఖ నిపుణులను అక్కడికి పంపి, ప్రామాణిక పరికరంతో పోల్చి చూడగా ఆ యంత్రం సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతున్నదని తేలింది. పొరపాటు చేసినది యంత్రం, పట్టుకున్నది మనిషి. తేడాను పసిగట్టే లెక్కలు కూడా యంత్రానికి నేర్పవచ్చునని మేధావులు అనవచ్చును. నేర్పవచ్చును, నేర్పుతున్నారు కూడా. కాని ఎండలో నిలబడి పరికరాన్ని విప్పి చూచేదెవరు? ఇది తప్పు అని దేశానికి చెప్పి, ఆ మాటకు కట్టుబడేదెవరు?

మరొక సత్యము కలదు. కృత్రిమ మేధ తన పాఠాన్ని గాలిలో నుండి నేర్చుకోలేదు. దశాబ్దాల తరబడి పరిశీలకులు చలిలో, వానలో నమోదు చేసిన అంకెలు అందులో ఉన్నాయి. వండినవారిని వంటింటి నుండి వెళ్లగొట్టి, వండిన అన్నాన్ని యంత్రం ఘనతగా వడ్డిస్తే దానిని ప్రగతి అనగలమా? పరిశీలకులు లేనినాడు రేపటి యంత్రం దేనిని నేర్చుకుంటుంది?

ఈ వాదన ఫలితం అప్పుడే రైతు అనుభవంలోకి వచ్చినది. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద కృషి విజ్ఞాన కేంద్రాలలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పనిచేసేవి. వాన సూచనను స్థానిక పంటకు అన్వయించి, ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు మందు చల్లరాదో మంగళ, శుక్రవారాలలో రైతు భాషలో చెప్పడం వాటి పని. 2024 మార్చితో వాటిని మూసివేసినారు. సమాచార సేకరణ స్వయంచాలకమైనందున సిబ్బంది అక్కరలేదన్న వాదన ఆ నిర్ణయం వెనుక ఉన్నట్లు ఆ సంవత్సరం పత్రికలలో వెలువడినది. వానను కొలిచే యంత్రం వేరు, ఆ వానకు వేరుశనగ ఏమవుతుందో చెప్పే మనిషి వేరు. ఈ తేడా తెలియనివారు ప్రణాళికలు రచిస్తే మూల్యం చెల్లించేది రైతు.

ధనిక దేశాలూ ఇందుకు మినహాయింపు కావు. 2025లో అమెరికా జాతీయ వాతావరణ సేవ నుండి వందలాది ఉద్యోగులు తొలగింపులతోను, ముందస్తు విరమణలతోను వెళ్లిపోయినారు. బెలూన్లు వదలడానికి మనుషులు లేక కొన్ని కేంద్రాలలో ఆ పనే నిలిచిపోయినది. కొన్ని నెలలకే తిరిగి నియామకాలకు అనుమతించవలసి వచ్చినది.

రైల్వే సోదరులకు వేరొక ఉదాహరణ అక్కరలేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద వరద కట్టను కోసివేయగా డెల్టా ప్యాసింజర్ పడిపోయి నూరుమందికి పైగా మరణించినారు. జిల్లాలో భారీ వర్షమని యంత్రం చెప్పగలదు. ఏ చెరువు తెగుతుందో, ఏ చిన్న వంతెన కింద నీరు ఉరకలెత్తుతున్నదో లాంతరు పట్టుకుని నడిచే పాట్రోల్‌మన్ చూడాలి. సూచకుడు, కంట్రోలు గది, స్టేషన్ మాస్టర్, పాట్రోల్‌మన్: ఇది ఒకే గొలుసు. ఇందులో ఏ కడియం తెగినా మిగిలిన కడియాలు వ్యర్థం.

యంత్రాలను పగులగొట్టమని మనము కోరడం లేదు. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగం మొదలైన నాటి నుండి నేటి వరకు కొత్త పరికరాన్ని నేర్చుకుని నడిపినది కార్మికుడే. పరికరం కార్మికుని చేతిలో ఆయుధం కావాలి గాని, అతని మెడపై కత్తి కారాదు.

అందువలన మన కోర్కెలు స్పష్టము. వాతావరణ శాఖలోను, రైల్వే, తపాలా శాఖలలోను ఖాళీలను శాశ్వత నియామకాలతో భర్తీ చేయాలి. ఆటోమేషన్ పేరిట ఒక్క పోస్టును కూడా రద్దు చేయరాదు. 2024లో మూసిన జిల్లా విభాగాల పనిని శాశ్వత సిబ్బందితో నడపాలి. ప్రతి హెచ్చరికకు ఒక అధికారి బాధ్యత వహించాలి. కొత్త యంత్రాన్ని ప్రవేశపెట్టే ముందు సంఘాలతో చర్చించి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి.

తప్పిన హెచ్చరికకు యంత్రాన్ని నిలదీయలేము. మునిగిన ఊరికి అది సంజాయిషీ ఇవ్వదు. జవాబు చెప్పే మనిషిని తొలగించి, జవాబు చెప్పని యంత్రాన్ని గద్దెనెక్కించే ప్రయత్నాన్ని మౌసమ్ భవన్ సోదరులతో చేయి కలిపి ప్రతిఘటిద్దాము. ప్రతి శాఖలోను, ప్రతి డివిజన్‌లోను ఈ కోర్కెలపై సభలు జరపవలసినదిగా సోదర కార్మికులను కోరుతున్నాము.