కొండవీటి చాంతాడు, క్లచ్ వైరు

మన పల్నాడులో ఏదైనా తెగ పొడుగ్గా ఉంటే "కొండవీటి చాంతాడంత" అంటాం. బ్యాక్‌లాగ్స్ లిస్టు కావచ్చు, పరీక్ష ఫీజు కౌంటర్ దగ్గర క్యూ కావచ్చు, అందరి నోటా అదే మాట. కొండ మీద బావులు బాగా లోతు, నీళ్ళు తోడాలంటే తాడు అంత పొడుగూ ఉండాలి, అందుకే ఆ మాట పుట్టిందని పెద్దలు చెబుతారు. ఆ చాంతాడు గురించి మెకానికల్ వాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తే ఒక సంగతి తడుతుంది. పైన లాగితే కింద కదలాలి. గిలక సరిగ్గా తిరగకపోతే తాడు దాని మీద రాసుకుంటుంది. సాగుతుంది, అరుగుతుంది, ఒకరోజు తెగుతుంది. కారులో క్లచ్ వైరు బతుకూ అంతే.

ఈమధ్య ఆ వైరంటే మనవాళ్ళకి చిన్నచూపు వచ్చింది. పాత మారుతీ 800 తీసుకుని దానికి ఏవేవో బిగించే కుర్రాళ్ళు, కాలేజీలో రేస్ కారు కట్టే టీములు, అందరిదీ ఒకటే పాట: "వైరు పీకేసి హైడ్రాలిక్ పెడితే బండి వేరే లెవెల్." హైడ్రాలిక్ క్లచ్ మంచిదే, నేనేమీ కాదనను. కానీ అది బండికి వేసే నగ కాదు. ఎందుకు మారుస్తున్నామో కాగితం మీద లెక్క వేసి చూపించలేనప్పుడు, ఆ మార్పు చెయ్యకపోవడమే మంచి ఇంజనీరింగ్ అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు వైరు సంగతి. పెడల్ తొక్కితే వైరు క్లచ్ ఫోర్క్‌ని లాగుతుంది. ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని నెడుతుంది, బేరింగ్ ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ వేళ్ళని నొక్కుతుంది, క్లచ్ ప్లేటు విడుదలవుతుంది. ఇందులో మన బలాన్ని తినేసేది వైరు వంపు. ఫస్టియర్ మెకానిక్స్‌లో బెల్ట్ ఫ్రిక్షన్ చదివాం, గుర్తుందా? ఒకవైపు బలానికీ రెండోవైపు బలానికీ నిష్పత్తి ఈ పవర్ మ్యూ తీటా. పరీక్ష అయ్యాక మర్చిపోయిన ఆ సూత్రం క్లచ్ వైరులో రోజూ పనిచేస్తుంది.

లెక్క చూడండి. వైరు మొత్తం వంపులు కలిపి 180 డిగ్రీలు, ఘర్షణ గుణకం 0.1 అనుకుందాం. ఫోర్క్ దగ్గర 100 న్యూటన్లు కావాలంటే ఇటు చివర 137 లాగాలి. అదే వైరు లోపల ఎండిపోయి, తుప్పు పట్టి గుణకం 0.2కి చేరితే 187 లాగాలి. బండి అదే, ప్రెషర్ ప్లేట్ అదే. కాలికి మాత్రం క్లచ్ రాయిలా తగులుతుంది. "క్లచ్ హార్డ్‌గా ఉంది, హైడ్రాలిక్ చేయించాలి" అనుకునే చాలా బళ్ళకి నిజంగా కావలసింది కొత్త వైరు, దాన్ని ఇరుకు వంపులు లేకుండా నడిపించడం. దానికి ఒక్క పూట పని చాలు.

ఇప్పుడు హైడ్రాలిక్. తాడు బదులు నీళ్ళే బలాన్ని మోసుకెళ్తే ఎలా ఉంటుందో అదీ ఇది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్యలో పైపు, పైపు నిండా బ్రేక్ ఆయిల్. పాస్కల్ నియమం ప్రకారం పీడనం అంతటా ఒకటే. పైపు ఎన్ని మలుపులు తిరిగినా వైరులో లాగా వంపు వంపుకీ నష్టం ఉండదు. క్లచ్ ప్లేటు అరిగే కొద్దీ స్లేవ్ పిస్టన్ తన చోటు తానే సర్దుకుంటుంది కాబట్టి మామూలు అమరికలో మాటిమాటికీ ఫ్రీ ప్లే సరిచేసే పని తప్పుతుంది. ఇవి నిజమైన లాభాలు.

కానీ ఇక్కడా ఏదీ ఊరికే రాదు. మాస్టర్ బోర్ 15.87 మిల్లీమీటర్లు, స్లేవ్ బోర్ 19.05 అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి 1.44. అంటే బలం 1.44 రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. మాస్టర్ 25 మిల్లీమీటర్లు కదిలితే స్లేవ్ కదిలేది దాదాపు 17.4. మీ ఫోర్క్‌కి 20 కావాలా? అయితే పెడల్ ఫ్లోర్‌కి తగిలినా క్లచ్ పూర్తిగా విడవదు, గేరు పడేటప్పుడు గరగరమంటుంది. సరే, పెద్ద మాస్టర్ వేద్దాం అంటారా? పెడల్ బరువెక్కుతుంది. పైగా కదలిక మరీ ఎక్కువైతే డయాఫ్రమ్ వేళ్ళు హద్దు దాటి వంగి పాడవుతాయి. అందుకే పెడల్‌కి స్టాపర్ పెట్టాలి. దొరికిన మాస్టర్, దొరికిన స్లేవ్ తెచ్చి బిగించేసి "పనిచేస్తోంది కదా" అంటే, ఈ రెండింట్లో ఏదో ఒక గోతిలో కాలు పెట్టినట్టే.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పై ఉదాహరణలో మాస్టర్ ఒక తొక్కుకి పంపే ఆయిల్ దాదాపు 5 మిల్లీలీటర్లు. లైనులో ఒక్క మిల్లీలీటరు గాలి మిగిలిందనుకోండి. క్లచ్ తొక్కినప్పుడు పీడనం 25 బార్లకి వెళ్తే ఆ గాలి దాదాపు పూర్తిగా నలిగిపోతుంది. అంటే తొక్కులో అయిదో వంతు గాలిని నలపడానికే ఖర్చు. 17.4 కాస్తా 14 అవుతుంది. మెకానిక్ "ఎయిర్ పట్టింది" అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే. దీనికి తోడు గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. పైపుని సైలెన్సర్ గొట్టం పక్కనుంచి లాగి, ఆయిల్ ఏళ్ళ తరబడి మార్చకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఫోర్క్? వైరు ఫోర్క్‌ని లాగుతుంది, మామూలు స్లేవ్ సిలిండర్ నెడుతుంది. దిశ మారింది కాబట్టి బ్రాకెట్ కొత్తగా చెయ్యాలి. అది వంగితే మన కాలి బలం బ్రాకెట్‌ని వంచడానికే సరిపోతుంది. మాస్టర్ బిగించే ఫైర్‌వాల్ రేకు కూడా అంతే. వైరు కోసం చేసిన రేకు మాస్టర్ సిలిండర్ తోపుకి ఊగుతుంది, వెనక ప్లేటు వేసి గట్టిపరచాల్సిందే.

"మరి పెద్ద పెద్ద పర్ఫార్మెన్స్ కార్లన్నీ హైడ్రాలిక్కే కదా?" అని అడుగుతారు. చరిత్ర చూస్తే అంత సూటిగా లేదు. ఫోర్డ్ మస్టాంగ్ 2004 వరకు కేబుల్ క్లచ్‌తోనే వచ్చింది. 2003లో వచ్చిన 390 హార్స్ పవర్ కోబ్రాకి కూడా కేబులే. పోర్షే 911 1986 మోడల్ దాకా కేబుల్‌తో నడిచింది, 1987లో కొత్త జీ50 గేర్‌బాక్స్‌తో పాటు హైడ్రాలిక్ వచ్చింది. హోండా సివిక్ 1988–91 తరంలో కేబుల్, 1992లో వచ్చిన తరంలో హైడ్రాలిక్. అందుకే పాత సివిక్‌లో కొత్త ఇంజను, దాని గేర్‌బాక్స్ దించేవాళ్ళకి ఈ మార్పిడి తప్పనిసరి పని అయింది, సోకు కాదు. ఈ కార్లన్నిట్లో ఉన్న పాఠం ఒకటే: గేర్‌బాక్స్ మారినప్పుడు, ప్రెషర్ ప్లేట్ బాగా గట్టిదైనప్పుడు, లేక వైరు నడిపించడానికి దారే లేనప్పుడు హైడ్రాలిక్‌కి అర్థం ఉంది. ఈ మూడింట్లో ఒక్కటీ లేకపోతే ఖర్చు, బరువు, లీకులు మిగులుతాయి.

ఇదంతా మనకెందుకు అంటే, మన పక్కనే కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది. ఆదివారం వస్తే చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళు కోట చూడ్డానికి ఎక్కుతాయి. ఎండాకాలం, ఎత్తు, మలుపు, ముందు బండి ఆగితే హాఫ్ క్లచ్‌లో ఆగడం. క్లచ్‌కి పరీక్ష ఇదే. అసలు ప్రమాదం మాత్రం దిగేటప్పుడు. సొంతంగా మార్చేవాళ్ళలో కొందరు వేరే ఆయిల్ డబ్బా ఎందుకని బ్రేక్ ఆయిల్ డబ్బా అడుగున బెజ్జం పెట్టి క్లచ్‌కి పైపు లాగేస్తారు. కంపెనీ కార్లలోనూ కొన్నిట్లో రెండింటికీ డబ్బా ఒకటే, కానీ క్లచ్ పైపు ఎత్తులో ఉంటుంది. క్లచ్ ఎంత కారినా బ్రేక్‌కి కావలసిన ఆయిల్ అడుగున మిగలాలి, అదీ దాని ఉద్దేశం. అడుగున బెజ్జం పెడితే స్లేవ్ సీల్ పోయిన రోజు బ్రేక్ ఆయిల్ కూడా దానితో పాటే పోతుంది. అది ఘాట్ దిగుతున్నప్పుడు జరిగితే? బండిలో ఉన్నది మనం ఒక్కళ్ళమే కాదు, అమ్మానాన్నా కూడా ఉండొచ్చు, ఎదురుగా ఆటోలో ఇంకో కుటుంబం ఉండొచ్చు. కాబట్టి క్లచ్‌కి వేరే డబ్బా పెట్టాల్సిందే. ఇందులో బేరం లేదు.

మన కాలేజీ టీముల గురించి కూడా ఒక మాట. ఫార్ములా భారత్, సుప్రా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీలకి బండి కట్టేటప్పుడు డిజైన్ రౌండ్ అని ఒకటి ఉంటుంది. అక్కడ జడ్జిలకి కావలసింది "ఏం పెట్టారు" కాదు, "ఎందుకు పెట్టారు". బైక్ ఇంజనుతో వచ్చిన కేబుల్‌ని అలాగే ఉంచి, వంపు ఎంత, నష్టం ఎంత, చేతికి పడే బలం ఎంత అని కొలిచి చూపించిన టీము, అర్థం కాని హైడ్రాలిక్ పెట్టిన టీము కంటే గట్టిగా నిలబడుతుంది. స్ప్రింగ్ త్రాసు ఒకటి, స్కేలు ఒకటి చాలు. పెడల్ దగ్గర బలం, ఫోర్క్ దగ్గర కదలిక కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. కొత్త వైరు వేసి మళ్ళీ కొలవండి. అప్పటికీ అంకెలు చాలకపోతే, ధైర్యంగా హైడ్రాలిక్‌కి వెళ్ళండి. ఏ బోర్ కొనాలో ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

కొండవీటి చాంతాడు పొడుగని నవ్వుకుంటాం గానీ, దాన్ని పేనినవాళ్ళకి బావి లోతు తెలుసు. అంత లోతు ఉంది కాబట్టే అంత తాడు. బండి మీద చెయ్యి వేసే ముందు మనమూ ఆ లోతు కొలుద్దాం.