ఆట వినని వైద్యుడు

వీడియో గేమను మాట చెవిని బడినంతనే మొగము చిట్లించు మనోవైద్యులు మనలో గలరు. భద్రాచలపు అడవి యంచుననున్న పల్లెనుండి యొక తల్లి కుమారుని ఖమ్మమునకు దోడ్కొని వచ్చి, "రేయింబవళ్లు ఫోనులోనే యుండును, చదువు మానినాడు" అని చెప్పుకొన్నదనుకొనుడు. "ఫోను లాగికొనుము" అని యుత్తరువగును. ఇది చికిత్సయా? ఇంతమాత్రము చెప్పుటకు పొరుగింటివారు చాలరా? నూరు కిలోమీటర్లకు మించిన బస్సు ప్రయాణ మేల?

కలను వినుట ఆ వృత్తిలో మర్యాద. 1900 సంవత్సరపు ముద్రతో ఫ్రాయిడు స్వప్నగ్రంథము వెలువడిన నాటనుండి అది శాస్త్రమైనది. నిద్రలో నొంటరిగా గాంచిన కలకు అర్థము వెదకువారు, మెలకువలో పదుగురితో గూడి బాలుడు కట్టుకొన్న లోకమును గూర్చి యొక్క ప్రశ్నయైన నడుగరేల? ఆటలో నీ పేరేమి? నీ జట్టువా రెవరు? ఓడిననాడు నీకేమి తోచును? బడిలో కోయమాట దొర్లినందుకు నవ్వులపాలగు బాలుడు ఆటలో జట్టునాయకుడు కావచ్చును. వానికి గల ఆ యొక్క గౌరవమును లాగికొని, బదులేమి యిచ్చెదరు?

2020 సెప్టెంబరు 2వ తేదీని కేంద్రప్రభుత్వము పబ్జీని నిషేధించెను. మరుసటియేడే ఆ యాట వేరుపేరున వచ్చెను. బాలుని ఆటవైపు నెట్టిన కొరతను నిషేధము తాకనైన లేదు.

ఆటవలన చెడిన కుటుంబములు లేవా యందురు. ఉన్నవి. సొమ్మొడ్డు ఆన్‌లైను రమ్మీని 2017లో తెలంగాణము నిషేధించుటయు, 2025లో పార్లమెంటు సొమ్ముటాటలపై దేశమంతటికి శాసనము చేయుటయు సమంజసమే. 2022 జనవరి 1 నుండి అమలైన ప్రపంచారోగ్యసంస్థ రోగపట్టికలో ఆటల రుగ్మతయు గలదు. కాని ఆ పట్టిక గంటలు లెక్కింపుమనలేదు. ఆటపై అదుపు తప్పినదా, తక్కిన జీవితము మూలబడినదా, కీడు కనబడుచున్నను మానలేకున్నాడా, ఇది సాధారణముగా పన్నెండు నెలలు సాగినదా యని విచారింపుమన్నది. రోగి మాట వినక విచారణ యెట్లు?

వింత యింకొకటి. 2022 అక్టోబరులో వెలసిన టెలిమానస్ 14416 ద్వారా ముఖము చూడని రోగికి ఫోనులోనే ఉపశమనము చెప్పుచున్నారు. ఆ సంభాషణ నిజమైనచో, బాలుడు ఫోనులో పొందిన చెలిమి మాత్రము బూటకమగునా?

సోదరీమణులారా! బిడ్డ చేతి ఫోను లాగుటకు ముందు ప్రక్కన కూర్చుండి యొక యాట చూడుడు. చూచినది వైద్యునకు చెప్పుడు. వినుటకు తీరిక లేదనువానిని విడిచి, వినువానిని వెదకుడు.