మంచు లేని నెలలు

నూజివీడు సీమలో మంచు అన్న మాటకు మంచి పేరు లేదు. పుష్యమాసంలో మామిడి పూత విచ్చుకొనే వేళ తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టిందంటే తోటగలవారి గుండెల్లో రాయి పడుతుంది. పూత మాడిపోతుందేమో, బూడిద తెగులు తగులుతుందేమోనని దిగులు. పూత రసాన్ని పీల్చి జిగురు విడిచే పురుగుకు సైతం మనవారు తేనెమంచు పురుగని పేరు పెట్టారు. ఆకాశం నుంచి దూదిపింజలవలె రాలే మంచును మాత్రం మనలో చాలామంది కంటితో చూచి ఎరుగరు. గడ్డిపోచ మీది బిందువుకూ, పొద్దుటి పొగకూ, హిమాలయ శిఖరం మీది తెల్లని గడ్డకూ మన వాడుకలో మాట ఒక్కటే. ఆ భేదాలను విడదీసి చెప్పవలసిన అవసరం మన పూర్వులకు అంతగా కలుగలేదు.

అటువంటి చోట కూర్చుండి మంచుమీద జారే ఆటను గురించి, అనగా స్కీయింగును గురించి, వ్రాయబూనడం విడ్డూరంగా తోచవచ్చు. వ్రాయడానికొక కారణమున్నది.

కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో భూగోళ పాఠం చెబుతూ నార్వే దేశాన్ని పటంలో చూపి, అక్కడి పిల్లలు నడక నేర్చిన కొద్దికాలానికే పాదాలకు పలకలు కట్టుకొని మంచుమీద తిరుగుతారని చెప్పాను. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, “మాస్టారూ, మన ఊరివాడు ఆ ఆట ఆడగలడా?” అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. వారితోపాటు నేనూ నవ్వాను. బాలుడు కూర్చున్నాడు, ఆ ఏడాదంతా మళ్లీ ఏ ప్రశ్నా అడుగలేదు. ఆ నవ్వుకు నేను నేటికీ సిగ్గుపడుతున్నాను. ఆనాడు ఈయవలసిన సమాధానాన్ని ఇప్పుడు ఆలోచించి చెబుతున్నాను.

రెండు పొడవాటి సన్నని పలకలు పాదాలకు బిగించుకొని, చేత రెండు కర్రలు పట్టుకొని మంచుమీద సాగిపోవడమే ఈ ఆట. ఇందులో ముఖ్యంగా రెండు తెరగులు. కొండవాలున పైనుంచి క్రిందికి దూసుకొని వచ్చేది ఒకటి. మిట్టపల్లాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ సాగిపోయేది మరొకటి. మొదటిది ధైర్యానికీ నేర్పుకూ పరీక్ష. రెండవది ఊపిరికీ ఓర్పుకూ పరీక్ష. పుట్టుకలో ఇది ఆట కానే కాదు. వేటకు పోవడానికి, పొరుగూరు చేరడానికి ఉత్తర దేశాలవారు వేల ఏండ్లుగా వాడుకొన్న సాధనం.

ఈ ఆటయందు నిజమైన అభిమానం గలవాడెవడు? ఖరీదైన పలకలు కొన్నవాడా? ఎక్కువ కొండలు చూచినవాడా? నేడు మన పల్లెల పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం అమెరికా, కెనడాలకు పోతున్నారు. చలికాలపు సెలవులలో కొలరాడో వంటి చోట్లకు పోయి, పలకలు అద్దెకు తీసుకొని, నాలుగుసార్లు పడి లేచి, ఆ ఫొటో ఇంటికి పంపుతారు. ఇక్కడ తల్లి ఆ ఫొటోను ఇరుగుపొరుగులకు చూపి మురిసిపోతుంది. అందులో తప్పేమీ లేదు. కాని అది వేడుక. మరికొందరికి ఆ వేగం రుచి మరుగుతుంది. పని మానుకొని, ఇల్లు మరచి, దాని వెంట పడతారు. అది వ్యసనం. వేడుక పదిమందితో వచ్చి పదిమందితో పోతుంది. వ్యసనం తన సుఖాన్నే చూచుకొంటుంది. ఈ రెంటికీ భిన్నమైనది దీక్ష. తన సుఖానికై ఆటను వంచక, ఆట అడిగినదానికి తానే వంగడం దాని లక్షణం.

దీక్షను గుర్తించడమెట్లా? మంచు కురిసే నెలలలో దీక్షాపరుడూ, వేడుకకు వచ్చినవాడూ ఒక్క వాలుమీదనే కనబడతారు. అక్కడ వారిని వేరు చేయడం కష్టం. మంచు కరిగిన తరువాత ఎవరేమి చేస్తున్నారో చూడాలి. అక్కడ తేలిపోతుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు, మామిడి తోట వల్ల తెలిసినది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి కోతకు వచ్చే వేసవి రోజులలో తోటలను ప్రేమించనివారు ఉండరు. బండ్లు, లారీలు, నున్న బజారు బేరాలు, చుట్టాల రాకపోకలు, అంతా సందడి. తొలకరి చినుకు పడగానే ఆ సందడి మాయమౌతుంది. తోటలో మిగిలేది రైతు ఒక్కడే. ఎండుకొమ్మలు తీయించాలి; పాదులు సవరించి ఎరువు వేయాలి; కలుపు దున్నించాలి; పూతకు ముందు నీరు ఎప్పుడు ఆపాలో తెలిసి ఆపాలి. నీరు పెట్టడం ఎవరికైనా చేతనౌను. ఆపడం తెలిసినవాడే తోటమాలి. ఈ నెలలలో చెట్టుమీద కాయ ఉండదు, చూచి మెచ్చేవాడూ ఉండడు. అంటు నాటినవాడైతే కాపు కోసం నాలుగైదేండ్లు ఎదురుచూడవలసినదే. వచ్చే వైశాఖంలో మనం తినే పండు ఈ శ్రావణ భాద్రపదాలలోనే నిర్ణయమైపోతుంది.

స్కీ క్రీడ చరిత్రలో పెద్దవారందరి కథా ఇదే. నార్వేలో తెలెమార్క్ ప్రాంతపు మోర్గెదాల్ గ్రామంలో 1825లో సోంద్రె నోర్హైమ్ అనే పేదవాడు పుట్టాడు. సొంత భూమి లేని కౌలుదారు. ఆ రోజులలో పలకలను పాదం ముందుభాగానికి మాత్రమే కట్టేవారు. మలుపు తిరిగితే, ఎగిరితే ఊడిపోయేవి. అతడు చెట్ల వేళ్లను పురిపెట్టి మడమ చుట్టూ బిగించే కట్టు కల్పించాడు. పలకల ఆకారం మార్చాడు. చెక్కడం, పడడం, మళ్లీ చెక్కడం, ఇంతే అతని బడి. 1868లో రాజధాని క్రిస్టియానియాలో, అనగా నేటి ఓస్లోలో, పోటీ జరిగితే నలుబది రెండేండ్ల వయస్సులో దాదాపు 200 కిలోమీటర్లు పలకల మీదనే ప్రయాణం చేసి వచ్చి, పడుచువారిని ఓడించి గెలిచాడు. తరువాత 1884లో బ్రతుకుతెరువు కోసం అమెరికాకు వలసపోయాడు. చేరినది చదును నేల. జారడానికి కొండ లేదు. అయినా అతని గుమ్మం ప్రక్కన స్కీ పలకలు ఎప్పుడూ ఆనించి ఉండేవని చెప్పుకొంటారు. 1897లో అక్కడే కన్నుమూశాడు. కొండ లేని చోట పలకలు నిలుపుకొన్న ఆ ముసలివానిని తలచుకొన్నప్పుడు నా ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లయింది.

ఆ మోర్గెదాల్‌లోనే పుట్టిన ఓలావ్ బ్యోలాన్ అముండ్సెన్ బృందంలో ఒకడు. 1911 డిసెంబరు 14న మానవుడు మొదటిసారి దక్షిణ ధ్రువం చేరినప్పుడు అక్కడ నిలిచిన అయిదుగురిలో అతడున్నాడు. లోకం ఆ ఒక్క రోజును చెప్పుకొంటుంది. అంతకు ముందు సూర్యుడు కనబడని నెలలలో, మంచు త్రవ్వి చేసిన గదిలో కూర్చుండి, బ్యోలాన్ స్లెడ్జి బండ్ల చెక్కను చిత్రిక పట్టి బరువు తగ్గిస్తూ గడిపాడు. ధ్రువయాత్రలో విజయం ఆ చీకటి గదిలోనే సగం సిద్ధమైనదని నా అభిప్రాయం. నేటికీ దూరపు పందాల ఆటగాండ్రు వేసవిలో తారురోడ్డు మీద చక్రాల స్కీలతో గంటలకొద్దీ అభ్యాసం చేస్తారు. దారిన పోయేవారికి అది నవ్వులాట. వారికది పాదు సవరించడం.

“ఇవన్నీ మంచు దేశాల మాటలు, మనకేమిటి?” అని ఎవరైనా అడుగవచ్చు. మన దేశంలోనూ మంచు సీమ ఉన్నది. కాశ్మీరంలోని గుల్మార్గులో 1927లోనే స్కీ సంఘం ఏర్పడింది. అక్కడ స్కీ సామానుల దుకాణం నడిపే తండ్రికి పుట్టిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్సులో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు. ఒక పందెంలో 45వ స్థానం వచ్చింది; మరొక పందెం పూర్తి కాలేదు. పతకాలు లెక్కించేవారికి ఇది చిన్న సంగతి. సాధన లెక్కించేవారికి కాదు.

మంచే లేని చోటివారి మాట చూడండి. కర్ణాటకలోని కొడగు కాఫీ తోటల సీమ. మనకు మామిడి ఎట్లాగో వారికి కాఫీ అట్లాగు. మంచు కురవడం అక్కడా లేదు. ఆ సీమకు చెందిన భవాని తెక్కడ నంజుండ అనే యువతి 2025లో చిలీ దేశంలో జరిగిన అంతర్జాతీయ పోటీలో 5 కిలోమీటర్ల స్కీ పందెంలో కాంస్య పతకం గెలిచింది. మనకు తొలకరి కురిసే వేళ భూమికి ఆవలి సగంలో చలికాలం. తన దగ్గర మంచు లేకపోతే మంచు ఎక్కడున్నదో అక్కడికి పోయింది. నా విద్యార్థి ప్రశ్నకు ఇంతకంటె సూటియైన జవాబు నేను చెప్పలేను.

తెలుగువారిలో స్కీ పందాలకు కాకపోయినా మంచుకు తమను తాము అంకితం చేసుకొన్నవారున్నారు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. ఆ బడి పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాశాడు. బడిలోని ఆయన విగ్రహమే ఈ బాలుని మనస్సులో కొండను నాటింది. పెద్ద చదువులు చదివి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామంలో కూలిపని చేసుకొనే తలిదండ్రుల బిడ్డ మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లైనా నిండకుండా, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె సాధన ఆరంభమైనది మంచులో కాదు. మండే ఎండలో కాగే భువనగిరి బండమీద.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. దీక్ష అంటే ప్రాణాన్ని తృణప్రాయంగా చూడడం కాదు. మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాలలో మరణించాడు. అంత తెలిసినవానికే ఆ గతి పట్టినది. కొండను గౌరవించడం, వెనుదిరగవలసినప్పుడు వెనుదిరగడం దీక్షలో భాగమని పిల్లలకు చెప్పకుండా సాహసగాథలు మాత్రమే చెప్పడం ధర్మం కాదు.

దీక్ష ఒక్కటే చాలుననీ నేననను. పూర్ణలో పట్టుదల ఎంత ఉన్నా, ఆమె చదివిన సాంఘిక సంక్షేమ గురుకులం ఆమెను బండ దగ్గరకు తీసుకొనిపోకపోతే, శిక్షకుడు త్రాడు చేతికి ఈయకపోతే, ఆ పట్టుదల ఎవరికి తెలిసేది? విత్తు మంచిదైనా పాదు త్రవ్వేవాడు కావాలి. ఆ పని మనది, ఉపాధ్యాయులది. మనం చేస్తున్నదేమిటి? పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట ఎగిరిపోయేది ఆటల పీరియడు. దానిని లెక్కలకో, ఇంగ్లీషుకో ఇచ్చివేస్తాము, నేనూ పుచ్చుకొన్నవాడినే. ఆట అంటే కాలక్షేపమన్న మాట నోటితో చెప్పనక్కరలేకుండానే పిల్లలకు తెలిసిపోతుంది. ఎవరూ చూడని వేళ, ఫలం కనబడని కాలంలో, మనస్సు పెట్టి పనిచేయడం నేర్పేది ఆటకంటె మరేమున్నది? ఆ గుణం అబ్బినవాడు స్కీ ఆడినా, వీణ వాయించినా, అంటు కట్టినా ఒక్కటే.

ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. ఎక్కడున్నాడో నేనెరుగను. అతడు ఈ పంక్తులు చదివితే నా జవాబు ఇది: ఆడగలడు నాయనా, మన ఊరివాడూ ఆడగలడు. మంచు వేయి మైళ్ల దూరంలో ఉండుగాక, రైలెక్కి పోవచ్చు. అది కష్టం కాదు. అంతవరకు, ఈ ఎర్రమట్టి బాటమీద, మామిడితోపుల నడుమ, నవ్వేవారు నవ్వుతూండగా, ప్రతిదినమూ పరుగెత్తగలవా అన్నదే ప్రశ్న. ఆనాడు నవ్వినవారిలో ముందున్నవాడిని నేనే. నన్ను క్షమించు.